తాళం మొద్దుబారిందన్నాడు మా బామ్మర్ది

మా ముందు గదిలో ఉన్న రెండు స్పీకరు డబ్బాలు నవాబుల బంగళా నుంచి వచ్చాయని ఈ ఊళ్లో నేను చెప్పని మనిషి లేడు. అసలు సిసలు టేకుతో చేసినవనీ, బేగములు తమలపాకు చిలకలు చుట్టుకుంటూ వాటి ముందు కూర్చుని పాటలు వినేవారనీ, మా ఇంటికి తెచ్చిన రోజున ఆరుగురు మోస్తే గాని గడప దాటలేదనీ చెప్పాను. నవాబు అబద్ధం. కొత్తగూడెంలో ఒక వీడియో పార్లరు మూతపడుతుంటే అక్కడి నుంచి తెచ్చుకున్నాను. ముందు గుడ్డ మీద ఎవరో ఉమ్మిన పాను మరక ఉండేది. నా భార్య సర్ఫు పెట్టి రుద్దితే సగం పోయింది. మోసింది ఇద్దరం, అందులో నేను తలుపు పట్టుకున్నాను. టేకు కూడా పైన అంటించిన పొరే.

ఆ డబ్బాల పలుకు గురించి మాత్రం కలిపి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒక్కో డబ్బాలో కింద అన్నం కంచమంత పెద్ద స్పీకరు, పైన టీ సాసరంత చిన్న స్పీకరు. పెద్దది డోలక్కునూ మగ గొంతునూ మోస్తుంది. చిన్నదాన్ని మేము ట్వీటరు అంటాం. గజ్జె, తాళం, మాటలోని సకారం దాని వంతు. ఏది ఎవరికి పోవాలో పంచిపెట్టేది డబ్బా వెనక లోపల బిగించిన చిన్న చెక్క ముక్క. దాని మీద రాగి తీగ చుట్టిన కాయిలు, రెండు కండెన్సర్లు, సుద్ద ముక్కలా తెల్లగా ఉండే ఒక రెసిస్టెన్సు ఉంటాయి. దాన్నే క్రాసోవరు అంటారు. చండ్రుగొండ వైపు మా రోడ్డు మీద నేను రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం నడిపినన్నాళ్లూ దాన్ని ముట్టుకునే పని పడలేదు. దుకాణం మూసేసి, చుట్టుపక్కల పొలాలన్నీ పామాయిలు తోటలయ్యాక, ఈ మధ్యనే పడింది. ఆ పని పెట్టినవాడు మా బామ్మర్ది.

మా బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. సత్తుపల్లి వైపు బొగ్గు లారీ నడిపి నడిపి, మానేసి వచ్చి మా ఇంటి పక్కనే ఇల్లు వేసుకున్నాడు. మా రామభజన మండలిలో కంచు తాళాలు ఆయనవి. మండలి అంటే ఏదో పెద్దది కాదు. హార్మోనియం వాయించే కిరాణా దుకాణమాయన, డోలక్కు కొట్టే రైతు, తండా నుంచి వచ్చే కరెంటాఫీసు ఉద్యోగి, గొంతు కలిపే నాలాంటి ముసలివాళ్లు. మాకు పాటలు నేర్పిన గురువు బతికుండగానే ఆ పాటలన్నీ నేను టేపులో పట్టాను. ఆ టేపుల్లో తాళం కొట్టింది నడివయసులో ఉన్న మా బామ్మర్దే. ఇప్పటికీ వారానికోసారి పొద్దుగూకే వేళ అందరూ మా ముందు గదిలో కూర్చుని, ఆ టేపులు విని, వెంట పాడి, తప్పులు దిద్దుకుంటారు.

మండలికి గురువు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. తాళాలు పట్టినవాడిని వాటిని ఇవ్వమని అడగకూడదు. ఆయనే గుడ్డలో చుట్టి, ఇంకొకరి ఒళ్లో పెట్టేదాకా ఆగాలి. ఎప్పుడో తాళాల కోసం ఇద్దరు భజన మధ్యలో లేచి గుంజుకున్నారట. అప్పటి నుంచి ఆ మాట.

మొన్నటి శివరాత్రి దాటాక ఓ సాయంత్రం, టేపు తిరుగుతుండగా మా బామ్మర్ది చెయ్యెత్తి ఆపమన్నాడు.

"బావా, నీ నవాబు డబ్బాలు ముసలివైనయ్. తాళం మొద్దుబారింది."

"డబ్బాలా? నా సామాను ముసలిదైతే నువ్వేందిరా, నిన్న పుట్టినవా?"

"నా తాళం నాకు తెల్వదా? తాళమంటే గణ్ మని మోగాలె. గిదేంది, రేకు తపుకు మీద కొట్టినట్టున్నది."

హార్మోనియం ఆయన పెట్టె గాలి తిత్తి సర్దుకుంటూ తలవంచుకున్నాడు. అది ఎందుకో అప్పుడు నాకు తోచలేదు. పైగా మా బామ్మర్ది అన్నదాంట్లో నిజం ఉండొచ్చనిపించింది. ఆ కాలం కండెన్సర్ల లోపల తడి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. ఎండితే ట్వీటరుకు పోవాల్సిన పలుకు సగం దారిలోనే చచ్చిపోతుంది. డబ్బా వెనక చెక్క ఊడదీసి చూస్తే నా అనుమానం నిజమే. మీటరు పెడితే ఒక కండెన్సరు మీద రాసిన లెక్క ఒకటి, చూపించింది ఇంకొకటి.

ఈ జిల్లాలో క్రాసోవరు విప్పి బాగుచేయగల మనిషిని నేనొక్కడినేనని ఆ వారమంతా చెప్పుకు తిరిగాను. నిజానికి ఫోనులో ఎవరో పరాయి దేశపాయన చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఆయన మాట నాకు అర్థం కాలేదు, చేతులు అర్థమయ్యాయి. హైదరాబాదు నుంచి కొత్త కండెన్సర్లు తెప్పించాను. ఇవి ఎండిపోని రకం, లోపల పల్చటి ప్లాస్టిక్ పొరలుంటాయి. పాతవాటికంటే లావు. చెక్క మీద చోటు చాలక పక్కకు పడుకోబెట్టి, దారంతో కట్టి, టంకం పెట్టాను. బొటనవేలు కాల్చుకున్నాను. ఇంట్లో మాత్రం, వేడి టీ పడిందన్నాను.

మొదట విన్నది నా భార్య. వంటింట్లో ఉంది. టేపు పెట్టగానే పచ్చి మిరపకాయ చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఏందయ్యా, ఎవరన్నా ఇంట్లకొచ్చి వాయిస్తున్నరా?"

అంతకు మించిన మెప్పు నాకు నా దుకాణంలో ఎన్నడూ దొరకలేదు. గురువు గొంతు వెనక ఊపిరి తీసుకోవడం వినిపించింది. తాళం పడ్డ ప్రతిసారీ గదిలో కంచు మెరిసింది. నాకు దెబ్బ బాగానే వినిపించింది గాని, ఆ తర్వాత సాగే మోత కొంతసేపే వినిపించింది. నా భార్య మాత్రం తర్వాతి దెబ్బ పడేదాకా అది సాగుతూనే ఉందని చెప్పింది. నేనూ విన్నానన్నాను. వినలేదు.

మర్నాడు మా బామ్మర్దిని కూర్చోబెట్టి అదే పాట పెట్టాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నేను డబ్బా వెనక నుంచి తల బయటపెట్టి, పొగడ్త కోసం చూశాను.

"ఏం మారలే బావా."

"ఏం మారలేదా?"

"గదే మొద్దు. నీకు పని మర్చిపోయినట్టుంది."

నాకు మండింది. నాకు మండినప్పుడు తిట్టను, ఆటపట్టిస్తాను. చిన్నప్పటి నుంచి అంతే. "ఆగు, అవి మామూలువి. జర్మనీ కండెన్సరు ఒకటి దాచిపెట్టిన, అది పెడుత" అని డబ్బాల వెనక కూర్చుని, రెండు ట్వీటర్ల తీగలూ పీకి చేతిలో పట్టుకున్నాను. ఇప్పుడు తాళం అసలు రాదు. పెద్ద స్పీకరు ఒక్కటే మూలుగుతుంది, దుప్పటి కప్పుకుని పాడినట్టు. వీడు లేచి అరుస్తాడు, అప్పుడు తీగలు చూపించి నవ్వుదామని నా లెక్క.

టేపు పెట్టాను. పాట సాగింది. మా బామ్మర్ది కళ్లు మూసుకుని, తల ఊపుతూ విన్నాడు.

"ఊఁ. గిప్పుడు కొంచెం నయం. జర్మనీది జర్మనీదే."

నా భార్య గుమ్మంలోకి వచ్చి ఏదో అడగబోయింది. తాళం ఏమైందనే అడగబోయి ఉంటుంది. ముందు నా చేతిలో వేలాడుతున్న తీగలను చూసింది. తర్వాత కళ్లు మూసుకుని తలూపుతున్న తమ్ముడిని చూసింది. నోరు తెరిచింది తెరిచినట్టే లోపలికి పోయింది. పాట అయిపోయేదాకా నేను ఆ తీగలను అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. నవ్వడానికి దాచుకున్న నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

ఆయన ఇంటికి పోయాక ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎప్పటి సంది?"

"నాకేం తెలుసు? ఇప్పుడే తెలిసింది."

"నువ్వే చెప్పాలె వానికి."

"నీ తమ్ముడు. నువ్వు చెప్పు."

"నేను చెప్తే ఏడుస్తడు. నువ్వు చెప్తే తిడతడు. తిట్టుడే మంచిది."

అంతలో హార్మోనియం ఆయన కూడా వచ్చాడు, కొట్టు కట్టేసి, మనవరాలికి మందు తేవడానికి పోతున్నట్టు నెపం పెట్టుకుని. కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. "అన్నా, నవమికి పర్ణశాలల మన భజన వంతు వస్తున్నది. మీ బామ్మర్ది తాళం గంత గట్టిగ కొడ్తుంటే పాట ఎవనికీ వినబడుత లేదు. నిరుడు అక్కడోళ్లు మైకు ఆయనకు దూరం జరిపిన్రు, నువ్వు చూడలే. అడుగుదామంటే కట్టుబాటు. నువ్వు బావవు, నీకు నోరుంది."

కట్టుబాటు తప్పే మాట నా గుమ్మంలో ఎత్తొద్దని ఆయనను గదమాయించి పంపాను. అట్లా అని ఊళ్లో చెప్పాను. నిజానికి టీ ఇచ్చి, బిస్కట్టు ఇచ్చి, ఒక్క మాటా చెప్పలేక కూర్చున్నాను. ఆయన బిస్కట్టు ముంచి ముంచి అది టీలో కరిగిపోయింది.

చెప్పాల్సింది నేనని అందరూ తేల్చారు. నేను చెప్పలేదు. దానికి బదులు ఇంకో పని చేశాను. ట్వీటరుకు ముందుండే తెల్ల రెసిస్టెన్సు చిన్న స్పీకరును మరీ రెచ్చిపోకుండా పట్టి ఉంచుతుంది. ట్వీటర్ల తీగలు మళ్లీ కలిపి, రెండు డబ్బాల్లోనూ దాన్ని తీసేసి, ఆ చోట ఉత్త తీగ అతికించాను. ఇక ట్వీటరుకు అడ్డం లేదు. వాడి చెవి ఎంత తగ్గిందో డబ్బా అంత పెంచితే, వాడికి వాడి తాళం దొరుకుతుంది, నాకు ఆ మాట చెప్పే పని తప్పుతుంది. ఇంత తెలివి నాకే తోచిందని సంబరపడ్డాను కూడా.

ఆ సాయంత్రం మా బామ్మర్దిని మళ్లీ కూర్చోబెట్టాను. మొదటి దెబ్బకే ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఆఁ! గదీ! గిదే బావా, గిదే నా తాళం!"

నేను వెనక్కి వంగిపోయాను. కంచు కాదది, సూదులు. మంచం కింద పడుకున్న కుక్క లేచి బయటికి పోయింది. మా బామ్మర్ది మాత్రం డబ్బా దగ్గరకు పోయి, చెవి దాని ముందు గుడ్డకు ఆనించి, చిన్నపిల్లాడి ముఖం పెట్టాడు. నడివయసులో తాను కొట్టిన దెబ్బలు వింటున్నాడు. "అక్కా, ఇను! అక్కా!" అని వంటింటి వైపు తిరిగాడు.

ఆమె గుమ్మంలో కొంగు నొక్కి పట్టుకుని రెండు చెవులూ మూసుకుని ఉంది. తమ్ముడు చూశాడని తెలిసి చేతులు దించింది. ఆలస్యంగా దించింది.

"గట్టిగున్నదా అక్కా?"

"లేదు తమ్మీ. తల నొస్తున్నది, అందుకని..."

ఆయన ఆమెను చూశాడు, కుక్క పోయిన తలుపును చూశాడు, నన్ను చూశాడు.

"బావా, ఏం జేసినవ్?"

నా నోటికి జర్మనీ వచ్చింది, నవాబు వచ్చాడు, ఇంకా ఏమేమో వచ్చాయి.

"చెప్పకు. నువ్వు చెప్తే నేను నమ్మను. చూపియ్యి."

రెసిస్టెన్సు మళ్లీ దాని చోట పెట్టేదాకా ఆయన నా పక్కనే నిలబడి చూశాడు. టంకం రెండుసార్లు ఊడింది. అది కుదిరాక, కుర్చీని తానే గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "ట్వీటరు తీగ పెట్టు, తియ్యి, నీ ఇష్టమొచ్చినట్టు. తాళం వచ్చినప్పుడల్లా నేను ఏలు లేపుత. అక్కా, నువ్వు నిలబడి చూడు. బావ మాటకు సాక్షి కావాలె."

టేపు తిరిగింది. నేను తీగ పెట్టాను. ఆయన వేలు లేవలేదు. తీశాను. లేవలేదు. మళ్లీ పెట్టాను. గది అంతా కంచు మోగింది, నా భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన వేలు మోకాలి మీదే ఉంది. తీసేశాను. అప్పుడు లేచింది వేలు. పాట తీరు తెలుసు కాబట్టి, ఇక్కడ తాళం పడాలి అని లేపాడు. పడాల్సిన చోటే లేపాడు. కాని ఆ క్షణాన గదిలో తాళం లేదు.

ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఇప్పుడున్నదా అక్కా?"

"లేదు తమ్మీ."

"అంతకు ముందు?"

"ఉండె."

"ఆపు బావా, టేపు."

ఆపాను. రోడ్డు మీద పామాయిలు గెలల ట్రాక్టరు పోయింది. దాని చప్పుడు ఆయనకు వినబడింది, తల అటు తిప్పాడు. అటువంటివన్నీ వినబడతాయి ఆయనకు.

"మరి నేను గట్టిగ కొడ్తున్ననా?"

"అవ్" అంది నా భార్య.

"ఎన్నాళ్ల సంది?"

"నిరుడు నవమికే గట్టిగుండె."

"గిన్ని దినాలు ఒక్కడు చెప్పలేదేంది?"

"కట్టుబాటు గదరా" అన్నాను నేను.

"కట్టుబాటు మండలి వోళ్లకు. నీకేంది? నువ్వు నా బావవు గదా?"

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా భార్య లెక్క ఆ ఒక్కచోట తప్పింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆమె పట్టుబట్టి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయింది. చెవికి మిషను ఇచ్చారు. పెట్టుకున్న రోజు, ఇంట్లో చీపురు ఇంత చప్పుడు చేస్తుందా అని ఆశ్చర్యపోయాడు. కాని తాళాలు చేతబట్టి ఒక్క దెబ్బ వేస్తే మిషను కీచుమంది. తీసి జేబులో వేసుకున్నాడు. మాట్లాడేటప్పుడు పెట్టుకుంటాడు, తాళం దగ్గర తీసేస్తాడు. ఇక ఆ తాళాలు ఏం చేస్తాడో ఎవరికీ చెప్పలేదు. అడిగే హక్కు ఎవరికీ లేదు. నేను అడగొచ్చు. నాకు నోరు రాలేదు.

పర్ణశాలకు పోయే రోజు అందరం ఒకే ఆటోలో ఇరుక్కుని పోయాం. తాళాల గుడ్డ మూట ఆయన ఒళ్లోనే ఉంది. హార్మోనియం ఆయన దారి పొడుగునా దాన్ని చూడకుండా ఉండడానికి అడవిని చూశాడు. గోదావరి సన్నబడి, ఇసుక పైకి తేలి ఉంది. యాత్రికులు కొంతమంది అప్పుడే పడవలు ఎక్కుతున్నారు. మండపంలో చాప పరిచారు, మైకు పెట్టారు. ఆ మైకును నేను మా బామ్మర్దికి దూరంగా జరుపుదామని చెయ్యి వేసి, మళ్లీ తీసేశాను.

అందరం కూర్చున్నాక ఆయన మూట విప్పాడు. తాళాలను కండువాతో తుడిచాడు. మళ్లీ గుడ్డలో చుట్టాడు. తండా నుంచి వచ్చే కరెంటాఫీసు ఉద్యోగి ఎప్పుడూ ఆయన వెనక వరసలో కూర్చునేవాడు. మా బామ్మర్ది వెనక్కి తిరిగి మూట అతని ఒళ్లో పెట్టాడు.

"మామా, ఇదేంది?" అన్నాడతను. భయపడ్డాడు.

"పట్టు. జల్దీ పట్టు, మైకు పెట్టిన్రు."

"నాకు రాదు మామా."

"వస్తది. నా ఎనక కూసోని గిన్నేండ్లు ఏం జేసినవ్ మరి? ముంగటికి రా. నా మొకం జూస్కుంట కూసో."

చోట్లు మార్చుకున్నారు. హార్మోనియం మొదలైంది. ఆ ఉద్యోగి చేతులు తడబడి, మొదటి పాట ఉరుకులు పెట్టింది. డోలక్కు ఒక వైపు, తాళం ఒక వైపు, మేము నడిమధ్య. యాత్రికులు ఇద్దరు లేచిపోయారు. నా భార్య ఆడవాళ్ల వరసలోంచి తమ్ముడినే చూస్తోంది.

మా బామ్మర్ది కుడిచెయ్యి ఎత్తి తన తొడ మీద వేశాడు. చప్పుడు లేదు. ఎత్తాడు, వేశాడు. నిదానంగా, టేపులో ఎట్లా ఉందో అట్లా. ఆ ఉద్యోగి చూపు ఆ చేతికి అతుక్కుంది. చెయ్యి లేస్తే కంచు లేచింది, చెయ్యి పడితే కంచు పడింది. పాట తన నడకలోకి వచ్చింది. నేనూ పాడాను. మెత్తటి తాళం మీద పాట మాటలు ఒక్కొక్కటీ బయటికి వినబడుతుంటే, హార్మోనియం ఆయన కళ్లు మూసుకున్నాడు.

రెండో పాటలో సగం దాకా ఆ ఉద్యోగి మా బామ్మర్ది చేతినే చూశాడు. తర్వాత ఒకసారి చూపు తిప్పి డోలక్కును చూశాడు. కాసేపటికి గోదావరిని చూశాడు. మూడో పాటకు అతను ఎటూ చూడలేదు. పాటలో పడిపోయాడు.

మా బామ్మర్ది చెయ్యి ఇంకా కొంతసేపు లేస్తూ పడుతూ ఉంది. ఎవరూ చూడడం లేదని ఆయనకు తెలిసింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మా అందరితో పాటు గొంతు కలిపాడు.